ఐసుపెట్టె అక్క నూనె క్లచ్

ఐసుపెట్టె అక్క మోటారుసైకిలు చప్పుడు వినపడగానే క్లినిక్కుల్లో నర్సులు కబుర్లు కట్టిపెట్టి గొట్టాలకి స్టిక్కర్లు అంటించడం మొదలుపెడతారు. ఆవిడ దగ్గర ఆలస్యాలు చెల్లవు. “ఒక్క నిమిషం అక్కా” అన్నారో, “నీ నిమిషం సంగతి నాకు తెలుసులే. టీ తాగి రమ్మంటావా, భోంచేసి రమ్మంటావా?” అని గుమ్మంలోనే నిలబడి అడుగుతుంది. చిన్న చిన్న క్లినిక్కుల్లో జనం దగ్గర తీసిన రక్తం గొట్టాల్ని ఐసు నింపిన పెట్టెలో సర్దుకుని, సీటు వెనక పట్టీలతో బిగించుకుని, ఊరి చివర కొండ మీదున్న పెద్ద ల్యాబులో అప్పజెప్పడం ఆవిడ పని. పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత. ఎండా లేదు, వానా లేదు.

బండి చూస్తే బరువైనది. “స్కూటరు కొనుక్కోవచ్చుగా తల్లీ, ఈ దున్నపోతు నీకెందుకు?” అని ఉచిత సలహాలు ఇచ్చినవాళ్ళకి లెక్కలేదు. ఆవిడ నేర్చుకున్నదే ఆ బండి మీద, నేర్పినవాడు మొగుడు. పెళ్ళైన కొత్తలో వెనక కూర్చోమంటే, “నేనెందుకు వెనక కూర్చోవాలి?” అందట. ఆయన నవ్వేసి తాళంచెవి చేతిలో పెట్టాడు. మెకానిక్కు కదా, పడేస్తే బండిని బాగుచేసుకోవచ్చన్న ధీమా. పెళ్ళాన్ని బాగుచేసుకోవడం గురించి ఆలోచించినట్టు లేదు మహానుభావుడు.

ఆయన పోయి ఏడాది దాటింది. ఒక మధ్యాహ్నం షాపులో స్టూలు మీద కూర్చుని, ఎవరి బండిదో కార్బొరేటరు కడుగుతూ, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. పక్కనే ఉన్న తమ్ముడు పట్టుకునేలోపే అంతా అయిపోయింది. “వదినా, తొందరగా ఇంటికి రా” అని తమ్ముడు ఫోను చేసేసరికి అక్క ల్యాబు దారిలో ఉంది. ఆ గొంతు విన్నాక ఇంకేం చెప్పాలి? ఆవిడ ఫోను జేబులో పెట్టుకుని, కొండెక్కి, పెట్టె దించి, గొట్టాలన్నీ అప్పజెప్పి, అప్పుడు వెనక్కి తిరిగింది. ఇక చూడండి జనం నోళ్ళు! మొగుడు పోయాడని తెలిసి కూడా డబ్బా దించి వచ్చిందట అని ముక్కున వేలేసుకున్నారు. ఆ పెట్టెలో ఐసు కరిగిపోతే అంతమందీ మళ్ళీ సూది పొడిపించుకోవాలన్న సంగతి ఒక్కళ్ళకీ తట్టలేదు. తట్టినా, చెప్పుకోవడానికి అదంత రుచిగా ఉండదు మరి.

అయితే ఒకటి మాత్రం నిజం. ఆవిడ ఏడవలేదు. “ఏడు తల్లీ, ఏడిస్తే బరువు దిగుతుంది” అని చుట్టాలు వంతులు వేసుకుని చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. రాని ఏడుపుని ఎక్కణ్ణుంచి తెస్తుంది? దుఃఖం లోపలెక్కడో ఉండే ఉంటుందని తనూ వెతుక్కుంది, దొరకలేదు. అన్నం తింటే రుచి తెలిసేది కాదు. కూరలో ఉప్పు ఎక్కువైందని తోడికోడలు నాలిక కరుచుకుంటే, అవునా అనుకునేది. ఎవరేమన్నా చీమ కుట్టినట్టైనా ఉండేది కాదు. ఒక్క రూటు మీదే మనసు నిలిచేది. ఫలానా క్లినిక్కు, ఫలానా మలుపు, ఫలానా సిగ్నలు దగ్గర ఎడమవైపు సందు. బండి మీద ఉన్నంతసేపూ ఆవిడ మనిషిలా ఉండేది. దిగాక గదిలోకి పోయి గోడవైపు తిరిగి పడుకునేది.

ఆ రూటుకే ఎసరొచ్చింది.

ఎడమచేతి వేళ్ళతో మొదలైంది. మొదట్లో తిమ్మిరి. చెయ్యి విదిలిస్తే పోయేది. తరవాత్తరవాత విదిలించినా పోలేదు. బొటనవేలి పక్కనున్న వేళ్ళు మూడూ తనవి కానట్టు అయిపోయాయి. వేడి గ్లాసు పట్టుకుంటే కాలింది కూడా తెలియలేదు, బొబ్బ చూసుకుంటే తెలిసింది. రూట్లోనే ఒక క్లినిక్కులో డాక్టరమ్మ మణికట్టు వంచి చూసి, ఏళ్ళ తరబడి క్లచ్ లాగి లాగి లోపల నరం నలిగిపోతోందని చెప్పింది. చిన్న కోత పెడితే బాగవుతుందట, కాకపోతే ఆ తరవాత కొన్నాళ్ళు బండి ముట్టుకోకూడదట. “కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను డాక్టరమ్మా? గోడకి సున్నం ఊడింది చూసుకుంటూ కూర్చోనా?” అని అక్క గొట్టాలు సర్దుకుని వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు.

వేళ్ళు ఊరుకుంటాయా? ఒక పొద్దున సిగ్నలు దగ్గర గేరులో ఉండగానే క్లచ్ లివర్ వేళ్ళలోంచి జారిపోయింది. బండి కుప్పిగంతు వేసి ఆగి, పక్కకి పడింది. అక్కకి మోచెయ్యి గీరుకుంది, అంతే. పెట్టె మూత ఊడి గొట్టాలు పగిలాయి. వాటిలో ఒకటి నెలల పిల్లది. దానికి నరం దొరకడానికి నర్సు ఎంత తంటాలు పడిందో అక్క కళ్ళారా చూసింది. మళ్ళీ రక్తం తియ్యాలని ఆ తల్లికి చెప్పడానికి తనే వెళ్ళింది. తల్లి తిట్టలేదు, పిల్లని గుండెకి హత్తుకుని ఒక చూపు చూసింది. ఆ చూపుకి కూడా తనకేమీ అనిపించలేదే అని మాత్రం అక్కకి అనిపించింది.

ల్యాబు మేనేజరు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి మరీ చెప్పాడు. “అమ్మా, మీరంటే గౌరవం కాబట్టి ముందే చెబుతున్నా. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే రూటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను. మిమ్మల్ని కౌంటరులో వేస్తాను. హాయిగా ఫ్యాను కింద కూర్చుని స్టిక్కర్లు అంటించుకోవచ్చు.”

పాపం, మేలు చేస్తున్నాననుకుని అన్నాడు. అక్క తల ఊపి లేచి వచ్చేసింది. ఆ రూటు పోతే రోజుని ఏం చేసుకోవాలో ఆవిడకి తెలియదు. ఈ లోకంలో తనకి కావాలనిపించే వస్తువు ఇంకొకటి లేదు.

షాపు ఇంటి ముందు భాగంలోనే ఉంటుంది. అన్న పోయాక మరిది ఒక్కడే నడుపుతున్నాడు. అన్నకి మాటలు తక్కువ, తమ్ముడికి నోరు మూతపడదు. అక్క పెళ్ళినాటికి వాడు నిక్కర్లు వేసుకుని తిరిగేవాడు. ఇప్పుడు బట్టతల వచ్చింది గానీ వదిన దగ్గర ఇంకా ఆ నిక్కరు వదల్లేదు.

“ఏంటి వదినా, లివర్ వంకరపోయింది?”

“పడ్డాను.”

“నువ్వా?”

“నేనేరా. ఊరంతా దండోరా వెయ్యి.”

మరిది నవ్వుతూ వచ్చి లివర్ ఒకసారి లాగి చూశాడు. నవ్వు ఆగిపోయింది. “అమ్మబాబోయ్! ఇది క్లచ్చా, నూతిలో చేదా? ఇన్నాళ్ళూ దీన్నే లాగుతున్నావా నువ్వు?”

ఆ బండి కేబులు సంగతి అన్నే చూసుకునేవాడు. సెలవు రోజున దాన్ని విప్పి, నూనె పోసి, ఇటూ అటూ ఆడించి మళ్ళీ బిగించేవాడు. ఆయన పోయాక వదినే చెబుతుందిలే అని మరిది, వాడే చూస్తాడులే అని వదిన. నిజానికి ఆ బండి ముట్టుకోవాలంటే మరిదికి చెయ్యి రాలేదు. కేబులు లోపల పోగులు తుప్పుపట్టి ఒకటొకటిగా తెగుతున్నాయి.

“కొత్త కేబులు వెయ్యరా, సరిపోతుంది.”

“సరిపోదు. కొత్తదీ నాలుగు రోజులకి ఇంతే. నూనె క్లచ్ పెట్టేస్తాను. పెద్ద బళ్ళకి ఉంటుందే, అది.” మరిదికి ఉత్సాహం వస్తే పట్టుకోలేం. నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసేశాడు. “ఇప్పుడు నువ్వు ఇక్కడ తీగ లాగితే అది ఇంజను దగ్గర కొక్కేన్ని లాగుతోంది. దారంతా రాపిడి. ఆ తీగ పీకేసి, గొట్టం నిండా నూనె పెడతాం. నువ్విక్కడ లివర్ నొక్కితే నూనె అక్కడున్న చిన్న సిలిండర్ని కదుపుతుంది, అది కొక్కేన్ని లాగుతుంది. రాపిడీ లేదు, బరువూ లేదు. ఒక్క వేలు చాలు వదినా.”

“ఏ వేలైనా ఒకటేలే,” అంది అక్క. మరిదికి అర్థం కాలేదు. ఆవిడ విడమరచి చెప్పలేదు. చేతికి కాస్త తిమ్మిరిగా ఉంటోందని మాత్రం అంది.

మరిది పాత సామాన్ల బజారంతా గాలించాడు. ఎక్కడో గుద్దుకుని పోయిన పెద్ద బండి నుంచి నూనెగిన్నెతో సహా లివర్ తెచ్చాడు. ఇంజను దగ్గరికి సిలిండర్ దొరికింది గానీ దాన్ని బిగించే చోటు ఈ బండికి లేదు. ఇనపరేకు కోసి, అరగదీసి, బెజ్జాలు వేసి, సరిపోకపోతే పారేసి మళ్ళీ కోశాడు. వచ్చిన బళ్ళవాళ్ళందరికీ రేపు రమ్మని చెప్పాడు. “నీ వదిన బండి తప్ప మా బళ్ళు బళ్ళు కావా?” అని ఒకాయన తగువు పడితే, “మీ వదిన బండి తీసుకురండి, అదీ చేస్తాను,” అని పంపించేశాడు.

సెలవు రోజు పొద్దున్నే పని మొదలైంది. ముందు పాత కేబులు తియ్యాలి. హెడ్‌లైటు వెనక అన్న దాన్ని నల్లటేపు చుట్టి, టేపు మీద దారం చుట్టి, దారానికి ముడి వేసి పెట్టాడు. ఆయన ఏది కట్టినా అలాగే కట్టేవాడు. మరిది కత్తెర పట్టుకుని నిలబడిపోయాడు.

“కొయ్యనా?”

“కొయ్యి.”

“అన్నయ్య కట్టింది వదినా.”

“నాకు తెలియదా? కొయ్యి.”

కోశాడు. దారం తెగి కింద పడింది. అక్క దాన్ని చూస్తూ నిలబడింది. ఇప్పుడైనా ఏదైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూసింది. ఏమీ అనిపించలేదు. మరిది మాత్రం అటు తిరిగి, చేతిలో ఉన్న స్పానరు కోసమే అలమరంతా చాలాసేపు వెతికాడు.

సామానంతా బిగించాక అసలు పని మిగిలింది. గొట్టంలో గాలిబుడగ ఒక్కటి ఉన్నా లివర్ నొక్కితే బుడగ నలుగుతుంది తప్ప క్లచ్ కదలదు. గాలి పైకి పోతుంది కాబట్టి నూనెని కింద నుంచి ఎక్కించాలి. దానికి అక్క ల్యాబు నుంచి పెద్ద సిరంజి తెచ్చింది. తోడికోడలు టీ పట్టుకొచ్చి చూసి, “ఏంటక్కా, బండికి సూదిమందా? జ్వరం గానీ తగిలిందా?” అంది. “నీ మొగుడికి వేద్దామనుకున్నా, నరం దొరకలేదు,” అంది అక్క. ముగ్గురూ నవ్వారు. అక్క కూడా నవ్వింది, నవ్వాల్సిన చోటు అదేనని తెలుసు కాబట్టి. ఈలోపు మరిది చెయ్యి తగిలి ఒక చుక్క నూనె పెట్రోలు ట్యాంకు మీద పడింది. అది మామూలు నూనె కాదు, రంగుని తినేసే రకం. తుడిచేలోపే అక్కడ రంగు పొక్కిపోయింది. తనని తాను బూతులు తిట్టుకుంటూ దాని మీద నీళ్ళు కుమ్మరించాడు.

మిగిలిన బుడగల కోసం ఇద్దరూ చెరో చివరా కూర్చున్నారు. పైన లివర్ దగ్గర అక్క, కింద ఇంజను దగ్గర మరిది.

“పట్టు.”

“పట్టాను.”

మరిది నట్టు కాస్త విప్పాడు. బుసమని గాలి, నురగ. మళ్ళీ బిగించాడు. “వదులు.”

“వదిలాను.”

అలా చాలాసేపు జరిగింది. “ఇప్పుడెలా ఉంది వదినా? గట్టిగా తగులుతోందా, మెత్తగా పోతోందా?”

అక్క లివర్ వంక చూసింది. చెయ్యి ఏమీ చెప్పడం లేదు. “గట్టిగానే ఉంది,” అంది.

మరిది లేచి వచ్చి తను నొక్కి చూశాడు. లివర్ ఏ అడ్డూ లేకుండా వెళ్ళి పిడికి తగిలింది. వాడు వదిన మొహం చూశాడు, తరవాత చెయ్యి చూశాడు. “నీకు తెలియట్లేదా?”

“కాస్త తిమ్మిరి అన్నానుగా.”

“కాస్తా?”

“పని కానివ్వరా. ఎండెక్కుతోంది.”

 ఆ క్షణం నుంచి వాడికి ఒకటే పట్టుదల, లివర్ ఎంత తేలిగ్గా ఉంటే అంత మంచిదని. పైన లివర్ దగ్గర నూనెని తోసే లావు పిస్టను తీసేసి సన్నటిది వేశాడు. బరువు నిజంగానే తగ్గింది. కానీ సన్నటిది తోసే నూనె తక్కువ కదా, క్లచ్ పూర్తిగా విడవలేదు. గేరు వేసి లివర్ బిగపట్టినా బండి ముందుకి పాకుతోంది. దానికి మరిది ఒక ఉపాయం చేశాడు. లివరుకీ పిస్టనుకీ మధ్య కొంచెం ఆట ఉంటుంది. అక్కడున్న స్క్రూ తిప్పి ఆ ఆటంతా లాగేశాడు. అప్పుడు లివర్ కదలగానే నూనె కదిలింది, క్లచ్ పూర్తిగా విడిచింది.

“చూడు వదినా! ముట్టుకుంటే చాలు!”

తప్పు జరిగింది అక్కడే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కేబుళ్ళు బిగించిన చెయ్యి వాడిది. లూజు కనపడితే తీసెయ్యడమే అలవాటు, బండి తెచ్చినవాడు కూడా మొదట చెప్పే ఫిర్యాదు అదే. నూనె క్లచ్‌కి ఆ వెంట్రుకవాసి ఆటే ప్రాణం. ఆ సంగతి వాడికి తెలియక కాదు, ఎప్పుడో చదివాడు, విన్నాడు. వదిన వేళ్ళు చూశాక అదేదీ గుర్తు రాలేదు.

కొన్ని రోజులు బ్రహ్మాండంగా నడిచింది. మబ్బులు పట్టి చల్లగా ఉండేది కూడా. వేళ్ళు లివర్ మీద ఉన్నాయో లేదో అక్క కంటితో చూసుకుని నొక్కేది. అంత తేలిక లివరుకి ఆ చూపు సరిపోయింది. ఒక్క గొట్టం పగల్లేదు, ఒక్క సిగ్నలు దగ్గరా బండి ఆగలేదు. సాయంత్రం రాగానే మరిది ఎదురొచ్చేవాడు.

“ఎలా ఉంది వదినా?”

“బాగుంది.”

“బాగుందంటే? అంతేనా?”

“సన్మానం చెయ్యమంటావా?”

వాడు మొహం ముడుచుకుని లోపలికి పోయేవాడు. వదిన మొహంలో పాత వెలుగు ఒక్కసారి చూడాలని వాడి ఆశ. అది లివరుతో వచ్చేదైతే ఎంత బాగుండు!

మబ్బులు పోయి ఎండ దంచికొట్టిన మధ్యాహ్నం అక్క నిండు పెట్టెతో ల్యాబు కొండ మొదలు దగ్గరికి వచ్చింది. పైన ఎక్కడో లారీ అడ్డంగా ఆగిపోయిందట. బళ్ళన్నీ పాకుతున్నాయి. నాలుగడుగులు కదలడం, ఆగడం. ఇంజను సెగ కాళ్ళకి కొడుతోంది. పక్కనే ఉన్న చిన్న సిలిండరుకీ, అందులోని నూనెకీ అదే సెగ. వేడెక్కితే నూనె పొంగుతుంది. పొంగిన నూనె పైన గిన్నెలోకి తిరిగి పోవడానికి పిస్టను పక్కన సూది బెజ్జమంత దారి ఉంటుంది. ఆట అంతా లాగేసిన పిస్టను ఆ దారికి అడ్డంగా కూర్చుంది. పోయే చోటు లేక నూనె లోపల్లోపలే తోస్తోంది. అంటే, లివర్ ఎవరూ ముట్టుకోకపోయినా క్లచ్ సగం పట్టి ఉన్నట్టే.

ఇదేదీ అక్క చేతికి తెలియదు. బాగున్న చెయ్యైతే లివర్ రాయిలా బిగుసుకుంటోందని ఎప్పుడో పసిగట్టేది.

ముందు బండి కదిలింది. అక్క బ్రేకు వదిలి, క్లచ్ వదిలి, ఇంజను రేపింది. చప్పుడు పెరిగింది గానీ బండి ఎక్కలేదు. ఇంకా రేపింది. గోల చేస్తూ, కాలిన వాసన కొడుతూ బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనక వ్యాను. వ్యాను హారను. సీటు మీద నిండు పెట్టె. కాళ్ళు నేలకి తన్నిపట్టినా బరువు ఆగడం లేదు.

“ఏమండీ!” అని అరిచింది అక్క.

నడిరోడ్డు మీద, ఊరంతా వినపడేలా. పక్కన స్కూటరు మీదున్న పెద్దమనిషి ఉలిక్కిపడి ఇటు తిరిగాడు. “నన్నేనా అమ్మా?”

అక్క కుడిచెయ్యి ముందు బ్రేకుని బిగించి పట్టింది. బండి ఆగింది. వ్యానుకీ వెనక చక్రానికీ మధ్య జానెడు చోటు కూడా లేదు. పెద్దమనిషి మంచివాడు, దిగి వచ్చి వెనక నుంచి తోసి బండిని పక్కకి పెట్టించాడు. “ఎవరినైనా పిలిచారా? మీవాళ్ళెవరైనా వెనకొస్తున్నారా?” అని చుట్టూ చూశాడు. అక్క లేదని తల ఊపింది.   భయమేసింది ఆవిడకి. ఆయన పోయాక ఏదైనా అనిపించిందంటే అదే మొదలు.

ఫోను తీసింది. “బండి లాగట్లేదురా. వెనక్కి జారింది.”

 మరిది గొంతు మారిపోయింది. “వదినా... ఆట... ఆట తీసేశాను నేను. అయ్యో, ఎంత పని చేశాను! విను, లివర్ పక్కన స్క్రూ ఉంటుంది, దాని నట్టు కాస్త విప్పి, స్క్రూ వెనక్కి తిప్పు. లివర్ కొంచెం ఊగాలి. ఊగేదాకా తిప్పు. నేను వచ్చెయ్యనా?”

“నువ్వొచ్చేసరికి ఐసు కరుగుతుంది. ఫోను పెట్టెయ్.”

సీటు కింద చిన్న స్పానరు ఉంది. ఎడమచెయ్యి దాన్ని పట్టుకుందో లేదో కళ్ళప్పగించి చూస్తూ, కుడిచేత్తో స్క్రూ తిప్పింది. స్పానరు ఒకసారి జారిపడితే దుమ్ములో వెతుక్కుంది. ఉన్నట్టుండి లివర్ లూజైంది. ఇరుక్కున్న నూనె గిన్నెలోకి పోయింది. బండి ఎక్కి గేరు వేస్తే పాతలాగే కాస్త పాకింది గానీ, కొండ ఎక్కింది.

ల్యాబులో పెట్టె మూత తీసి థర్మామీటరు చూశారు. చల్లగానే ఉంది. ఒక్క గొట్టం చెదరలేదు. మేనేజరు గడియారం చూసి, “లారీ ఆగిపోయిందట కదమ్మా, మీరు మాత్రం ఏం చేస్తారు,” అని తనే జవాబు కూడా చెప్పేసి పెన్ను తీశాడు. అవునన్నట్టు తల ఊపితే చాలు. రూటు నిలబడుతుంది. బండి కూడా ఇప్పుడు బాగానే ఉంది.

అక్క ఎడమచెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. “సార్, ఈ మూడు వేళ్ళకీ స్పర్శ లేదు. చాలాకాలమైంది.”

“అంటే?”

“పిన్నుతో గుచ్చి చూడండి.”

ఆయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. “ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?”

“రూటు తీసేస్తారని.”

“మరి ఇప్పుడెందుకు చెబుతున్నారు?”

అక్క చెయ్యి బల్ల మీదే ఉంచింది. ఆయన చాలాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి ఐసుపెట్టెని తనవైపు లాక్కున్నాడు. రేపటి నుంచి ఇంకెవరో వెళతారట. చేతికి కోత పెట్టించుకుని రమ్మన్నాడు. ఆ తరవాత రూటు సంగతి చూద్దామన్నాడు. ఆఫీసుల్లో చూద్దామంటే ఏమిటో వేరే చెప్పాలా?

ఖాళీ పెట్టెతో కొండ దిగడం అక్కకి కొత్త కాదు. కానీ ఆ రోజు పెట్టె కూడా లేక పట్టీలు ఊడిపోయి గాలికి కొట్టుకుంటున్నాయి.

మరిది షాపు ముందు రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. బండి ఆగకముందే, “తిట్టు వదినా. రెండు చెంపలూ వాయించు. చంపేసేవాణ్ణి నిన్ను,” అన్నాడు. అంతలో వెనక సీటు కనపడింది. “పెట్టేదీ?”

“వాళ్ళే ఉంచేసుకున్నారు.”

“గొట్టాలు పగిలాయా?”

“లేదు. చెయ్యి సంగతి చెప్పేశాను.”

“ఎవరడిగారు నిన్ను?” మరిదికి ఒళ్ళు మండిపోయింది. “గొట్టాలు పగల్లేదు, టైము తప్పలేదు, బండి బాగైంది. నీ నోటితో నువ్వే చెప్పుకుని పోగొట్టుకుంటావా? ఆ రూటు లేకపోతే నువ్వేమైపోతావోనని నేనిక్కడ...” ఖాళీ సీటు మీద అరచేత్తో కొట్టాడు. “ఎందుకు చెప్పావు వదినా?”

అక్క బండికి స్టాండు వేసి, హెల్మెట్టు తీసి, షాపు గట్టు మీద కూర్చుంది.

“ఈ చేతికి ఏమీ తెలియలేదురా. బండి వెనక్కి జారుతుంటే మీ అన్నయ్యని పిలిచాను.”

మరిది బండి హ్యాండిలు పట్టుకున్నాడు.

“ఏమండీ అని. ఎంత గట్టిగా అరిచానో! పక్కన స్కూటరాయన ఎవరో పలికాడు.” అక్క హెల్మెట్టు ఒళ్ళో పెట్టుకుని దాని పట్టీ సర్దింది. “ఆయన పలకలేదురా.”

ఆ సంగతి ఇప్పుడే ఎవరో చెప్పినట్టు మరిది వంక చూసింది. “పలకలేదు,” అంది మళ్ళీ, అప్పుడు ఏడ్చింది. మరిది చేతుల నిండా గ్రీజు. తుడుచుకోవడానికి గుడ్డ కోసం అటూ ఇటూ చూసి, దొరక్క, ఆ చేతులతోనే వచ్చి వదిన పక్కన కూర్చున్నాడు.